వెంబ్లీలో మ్యాచ్ అయ్యాక ఏ స్టేషన్‌కి నడవాలి?

లండన్‌లోని వెంబ్లీ ఫుట్‌బాల్ స్టేడియంలో 90,000 మంది కూర్చోవచ్చు. ఫైనల్ రోజున ఆఖరి విజిల్ పడ్డాక వాళ్ళలో సగానికి సగం ఒకే దారి పట్టి ఒకే స్టేషన్ వైపు నడుస్తారని నా కళ్ళకి అనిపిస్తుంది. ఆ స్టేషన్ వెంబ్లీ పార్క్. స్టేడియం మెట్లు దిగితే ఎదురుగా ఒలింపిక్ వే అనే వెడల్పాటి కాలిబాట, దాని చివర స్టేషన్. కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని వదిలేసి ఇంకో దారి వెతకాలని ఎవరికీ తోచదు. నాకూ చాలా ఏళ్ళు తోచలేదు.

నేనుండేది హ్యారోలో. వెంబ్లీ పార్క్ నుంచి, ట్యూబ్ అని పిలిచే లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ళలో ఒకటైన మెట్రోపాలిటన్ లైన్లో మూడో స్టాపు. ఇంత దగ్గరివాడికి ఇబ్బందేముంటుందనుకుని, నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆయన్ని ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. ఏప్రిల్ నెల, రాత్రి చలి ఇంకా తగ్గలేదు. ఆట అయ్యాక ఒలింపిక్ వే మీద జనంలో కలిసి నిలబడ్డాం. రెండడుగులు వేయడం, ఆగడం, మళ్ళీ రెండడుగులు. రైలెక్కేసరికి యాభై నిమిషాలు పట్టింది. రైల్లో కూర్చున్నది ఏడెనిమిది నిమిషాలు. మోకాళ్ళ నొప్పితో నాన్న ఆ యాభై నిమిషాలూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడ్డారు, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌కీ ఒక్కో దారి ప్రయత్నించాను. ఏది ఎవరికి పనికొస్తుందో ఇప్పుడు నాకో స్పష్టత ఉంది, అదే రాస్తున్నాను.

ముందు దిక్కులు తెలియాలి. స్టేడియం మీద 133 మీటర్ల ఎత్తున వంగి కనిపించే ఆ పెద్ద ఆర్చ్ ఉత్తరం వైపు స్టాండ్ మీద ఉంటుంది. అంటే ఆర్చ్ ఉన్న వైపు ఒలింపిక్ వే, వెంబ్లీ పార్క్. దానికి ఎదురు దిక్కున, కాస్త పడమరగా, వెంబ్లీ స్టేడియం అనే పేరుతోనే ఇంకో స్టేషన్ ఉంది. ఇంకా పడమరగా వెళ్తే వెంబ్లీ సెంట్రల్. మామూలు రోజున మొదటిదానికి పది నిమిషాల నడక, రెండోదానికి అంతకంటే తక్కువ, మూడోదానికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. మూడూ ఛార్జీల లెక్కలో ఒకే జోన్‌లో, జోన్ 4లోనే, ఉన్నాయి కాబట్టి ఛార్జీ చూసి ఎంచుకోవాల్సిన పని లేదు, తేడా వచ్చినా కొద్దిపాటిదే.

జనం అలా ఎందుకు ఆగిపోతారో అర్థమైతే ఎంచుకోవడం తేలిక. మెట్రోపాలిటన్ లైన్ రైలు ఎనిమిది పెట్టెలది, కిక్కిరిసి ఎక్కితే సుమారు వెయ్యి మంది పడతారు. నలభై వేల మంది వెంబ్లీ పార్క్‌కి వచ్చారనుకుంటే, అక్కడ ఆగే మెట్రోపాలిటన్, జూబ్లీ లైన్లు రెండూ కలిపి నలభైకి పైగా నిండు రైళ్ళు కావాలి. రెండు నిమిషాలకొకటి కదిలినా గంటకి పైన పడుతుంది. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. అంతమందినీ ఒకేసారి ప్లాట్‌ఫాం మీదకి వదిలితే పట్టాల మీద పడతారు. అందుకే స్టేషన్ బయటే, దారి మీదే, ఆపి ఆపి వదులుతారు. 'ఆగు', 'వెళ్ళు' అని రాసిన బోర్డులు పట్టుకుని సిబ్బంది నిలబడతారు. పక్కన గుర్రాల మీద పోలీసులుంటారు.

గుర్రాలకీ వెంబ్లీకీ ఉన్న సంబంధం పాతదే. 1923లో పాత స్టేడియంలో జరిగిన మొట్టమొదటి ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కి లెక్క ప్రకారం 1,26,047 మంది వచ్చారు, నిజానికి రెండు లక్షలు దాటారని అంచనా. జనం మైదానంలోకి పొంగిపోతే బిల్లీ అనే తెల్ల గుర్రమెక్కిన జార్జ్ స్కోరీ అనే పోలీసు, తోటి పోలీసులతో కలిసి వాళ్ళని మెల్లగా గీత అవతలికి నెట్టాడు. ఆ తెల్ల గుర్రం గుర్తుగానే ఇప్పుడు వెంబ్లీ స్టేడియం స్టేషన్ దగ్గరి వంతెనకి వైట్ హార్స్ బ్రిడ్జి అని పెట్టారు. వెంబ్లీ పార్క్ స్టేషనైతే స్టేడియం కంటే ముందే పుట్టింది. మెట్రోపాలిటన్ రైల్వే అధ్యక్షుడు ఎడ్వర్డ్ వాట్కిన్ ఇక్కడ ఈఫిల్ టవర్‌ని మించిన టవర్ కట్టి, దాన్ని చూడ్డానికొచ్చే జనాన్ని తన రైళ్ళలో తేవాలనుకున్నాడు. 1894లో స్టేషన్ తెరిచారు. టవర్ మొదటి అంతస్తు దాటలేదు, 1907లో పడగొట్టేశారు. స్టేడియం లేచింది ఆ స్థలంలోనే. జనాన్ని తెచ్చి దింపడానికి కట్టిన స్టేషన్ అది. ఇప్పటికీ మ్యాచ్‌కి రావడానికి దాన్ని మించింది లేదు. పోవడానికే ఆలోచించాలి.

వెంబ్లీ పార్క్ ఎవరికి మంచిది

కింగ్స్ క్రాస్, లివర్‌పూల్ స్ట్రీట్, వాటర్లూ, లండన్ బ్రిడ్జి, స్ట్రాట్‌ఫర్డ్ వైపు వెళ్ళేవాళ్ళకి. వీళ్ళకి ఆ క్యూలో నిలబడడమే మేలు, ఎందుకంటే వేరే స్టేషన్‌కి నడిచి రెండు రైళ్ళు మారేసరికి ఆ లాభం పోతుంది.

ఇక్కడ రెండు లైన్లు ఉన్నాయి. క్యూలో ఉండగానే మీకు ఏది కావాలో తేల్చుకోండి. ఊరి మధ్యలోకి వెళ్ళే మెట్రోపాలిటన్ రైలుకి వెంబ్లీ పార్క్ తర్వాత మొదటి స్టాపు ఫించ్లీ రోడ్, రెండోది బేకర్ స్ట్రీట్. అదే జూబ్లీ లైన్లో బేకర్ స్ట్రీట్ తొమ్మిదో స్టాపు. పైగా మెట్రోపాలిటన్ రైళ్ళలో ఏసీ ఉంటుంది, లోపలే ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచిపోవచ్చు. తలుపు దగ్గర ఇరుక్కున్నవాళ్ళు లోపలికి జరుగుతూ పోతే మధ్య పెట్టెల్లో చోటు దొరుకుతుంది. జూబ్లీ రైలు ఏడు పెట్టెలది, ఏసీ లేదు, కిక్కిరిస్తే వేడి. కానీ బాండ్ స్ట్రీట్‌లో ఎలిజబెత్ లైన్ పట్టుకోవాలన్నా, గ్రీన్ పార్క్‌లో విక్టోరియా లైన్‌కి మారాలన్నా, వాటర్లూ, లండన్ బ్రిడ్జి, కెనరీ వార్ఫ్ వెళ్ళాలన్నా జూబ్లీయే నేరుగా వెళ్తుంది. ముందు దొరికిన మెట్రోపాలిటన్ ఎక్కేసి, ఫించ్లీ రోడ్‌లో అదే ప్లాట్‌ఫాం అవతలి అంచున జూబ్లీకి మారొచ్చు. మెట్లెక్కక్కర్లేదు.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్ సంగతి విడిగా చెప్పాలి. చాలామంది జూబ్లీలో వెస్ట్ హామ్ దాకా వెళ్ళి డిస్ట్రిక్ట్ లైన్ పట్టుకుంటారు. అది తప్పు కాదు, కానీ లండన్ దక్షిణం వైపు నుంచి పెద్ద చుట్టు. నాకు నచ్చింది మెట్రోపాలిటన్ ఎక్కి, హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్లో బార్కింగ్ వెళ్ళే రైలుకి మారడం. మారేది మాత్రం బేకర్ స్ట్రీట్‌లో కాదు. అక్కడ ఈ రెండు లైన్లకీ ప్లాట్‌ఫాంలు వేరు, మెట్లెక్కి దిగాలి. ఒక స్టాపు ఆగి గ్రేట్ పోర్ట్‌లండ్ స్ట్రీట్‌లో దిగితే, దిగిన ప్లాట్‌ఫాం మీదకే బార్కింగ్ రైలు వస్తుంది. నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకున్నవాళ్ళకి ఈ ఒక్క స్టాపు తేడా ఎంతో తెలుస్తుంది. ఒక జాగ్రత్త: కొన్ని మెట్రోపాలిటన్ రైళ్ళు బేకర్ స్ట్రీట్‌లోనే ఆగిపోతాయి. ఎక్కేముందు బోర్డు మీద చివరి స్టేషన్ ఆల్డ్‌గేట్ అని ఉందో లేదో చూడండి.

యూస్టన్ నుంచి పెద్ద రైలు పట్టుకోవాల్సినవాళ్ళు కూడా మెట్రోపాలిటన్‌లో యూస్టన్ స్క్వేర్ దాకా వచ్చి నడవొచ్చు. అక్కడినుంచి నాలుగడుగులే.

ఇక శుక్ర, శని రాత్రుల మాట. ఆ రెండు రాత్రులూ జూబ్లీ లైన్ తెల్లవార్లూ నడుస్తుంది, మెట్రోపాలిటన్ నడవదు. శనివారం సాయంత్రం మ్యాచ్ పెనాల్టీల దాకా పోయినా, తర్వాత ఎక్కడైనా కూర్చుని తినాలనిపించినా, జూబ్లీ దారిలో ఇల్లున్నవాళ్ళకి కంగారు అక్కర్లేదు.

వెంబ్లీ స్టేడియం స్టేషన్

పేరు చూసి మోసపోయేవాళ్ళు చాలామంది. అన్నిటికంటే దగ్గరిది ఇదే, కానీ చిన్నది. రెండే ప్లాట్‌ఫాంలు. ఇక్కడ ఆగేవి చిల్టర్న్ రైల్వేస్ రైళ్ళు. ఒక వైపు మేరిలబోన్, రెండో వైపు జెరార్డ్స్ క్రాస్, హై వికమ్, ఇంకా ముందుకెళ్తే బర్మింగ్‌హామ్. ట్యూబ్ లాగా రెండు మూడు నిమిషాలకొకటి రాదు. ఒక రైలు నిండి పోయిందంటే తర్వాతిదాని కోసం నిలబడాల్సిందే. అందుకే ఇక్కడ క్యూ చిన్నగా కనిపించినా అది కదిలే తీరు వేరు. వెంబ్లీ పార్క్ క్యూ ఎంత పొడుగున్నా ఆగి ఆగి కదులుతూనే ఉంటుంది.

అయినా నేను దీన్ని కొట్టిపారేయను. మేరిలబోన్‌కి ఇక్కడినుంచి పది నిమిషాల ప్రయాణం. ముందుగా రైలు సమయం చూసుకుని, ఆ సమయానికి ఇరవై నిమిషాల ముందు స్టాండ్ నుంచి లేవగలిగితే ఊరి మధ్యకి చేరడానికి దీన్ని మించింది లేదు. మేరిలబోన్ నుంచి బేకర్లూ లైన్ ఉంది, బస్సులున్నాయి, బేకర్ స్ట్రీట్‌కి నడిచి వెళ్ళొచ్చు కూడా. రైలు సమయం చూడకుండా, దగ్గరుంది కదా అని వెళ్ళినవాళ్ళే ఎక్కువసేపు చలిలో నిలబడతారు. ఒకసారి నేనూ అలాగే నిలబడ్డాను. కళ్ళ ముందే తలుపులు మూసుకున్నాయి.

హై వికమ్, బర్మింగ్‌హామ్ వైపు వెళ్ళేవాళ్ళకి వేరే ఆలోచనే వద్దు, ఇదే స్టేషన్. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మామూలు రోజుల్లో దూరం వెళ్ళే వేగమైన రైళ్ళన్నీ ఇక్కడ ఆగవు. మ్యాచ్ రోజు ఏవి ఆగుతాయో పొద్దున్నే చూసి రాసుకోండి. చేతిలో పసిపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే ఇంకో పద్ధతి ఉంది. వెనక్కి మేరిలబోన్ దాకా వెళ్ళి, రైలు బయల్దేరే చోటే ఎక్కితే కూర్చోడానికి సీటు దొరికే అవకాశం చాలా ఎక్కువ. గంటన్నర, రెండు గంటల ప్రయాణం నిలబడి చేయడం కంటే వెనక్కి వెళ్ళే ఆ పది నిమిషాలు నయం. టికెట్ ఆ దారికి చెల్లుతుందో లేదో మాత్రం కొనేటప్పుడే చూసుకోవాలి.

వెంబ్లీ సెంట్రల్, నేను ఎక్కువగా నడిచే దారి

వైట్ హార్స్ బ్రిడ్జి దాటి, హై రోడ్డు ఎక్కి, పడమరగా సాగిపోవడమే. మొదటి ఐదు నిమిషాలు జనం ఉంటారు, తర్వాత పలచబడతారు. నాన్నని రెండోసారి ఇటు తీసుకొచ్చినప్పుడు ఆయన ఆగి వెనక్కి చూసి, "అందరూ అటు పోతుంటే మనం ఇటు పోవడమేంట్రా?" అన్నారు. నాకూ మొదటిసారి లోపల అదే అనుమానం. కానీ ఆయన మోకాళ్ళకి నిలబడడం కష్టం, మెల్లగా నడవడం కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఏది కష్టమో అడిగి తెలుసుకోండి. నడవలేనివాళ్ళయితే ఈ దారి వద్దు, వెంబ్లీ పార్క్ చాలు. అక్కడ లిఫ్టులున్నాయి, సిబ్బందితో చెప్తే దారి చూపిస్తారు.

సెంట్రల్‌లో బేకర్లూ లైన్, లయనెస్ లైన్ రెండూ ఆగుతాయి. లయనెస్ అనేది యూస్టన్ నుంచి వాట్‌ఫర్డ్ జంక్షన్ వరకూ నడిచే ఓవర్‌గ్రౌండ్ (ట్యూబ్ కాని లండన్ లోకల్ రైళ్ళు) లైను. 2022 జులై 31న ఇదే వెంబ్లీలో, 87,192 మంది ముందు, ఇంగ్లండ్ మహిళల జట్టు అదనపు సమయంలో జర్మనీని 2-1తో ఓడించి యూరో కప్ గెలిచింది. ఆ జట్టుని ఇక్కడ లయనెసెస్, అంటే ఆడసింహాలంటారు. 2024లో ఓవర్‌గ్రౌండ్ లైన్లకి విడివిడిగా పేర్లు పెట్టినప్పుడు వెంబ్లీ మీదుగా పోయే ఈ లైనుకి వాళ్ళ పేరే ఇచ్చారు. ఆ పేరున్న రైలెక్కి మ్యాచ్ నుంచి ఇంటికి పోవడం, ఫుట్‌బాల్ ఆడే కూతురున్న నాకు, ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది.

ఈ స్టేషన్ ఎవరికంటే హ్యారో, కెంటన్, వాట్‌ఫర్డ్ వైపు ఉండేవాళ్ళకి మొదటి ఎంపిక. హ్యారో అండ్ వీల్డ్‌స్టోన్ ఇక్కడినుంచి నాలుగో స్టాపు. జనంలో ఎక్కువమంది ఊరి మధ్యలోకి వెళ్తారు కాబట్టి బయటికి పోయే రైళ్ళలో చోటుంటుంది. మిల్టన్ కీన్స్ వాళ్ళు వాట్‌ఫర్డ్ జంక్షన్ దాకా వెళ్ళి అక్కడ మారొచ్చు. కానీ లయనెస్ ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతూ పోతుంది. అందుకని రాత్రి ఆలస్యమైతే యూస్టన్‌కి వెళ్ళి నేరు రైలు పట్టుకోవడమే నమ్మకం. పాడింగ్టన్, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ వైపు వెళ్ళేవాళ్ళకి బేకర్లూ పనికొస్తుంది. దాని పెట్టెలు 1972 నాటివి, అండర్‌గ్రౌండ్ మొత్తంలో అంత పాత రైళ్ళు ఇంకెక్కడా లేవు. చప్పుడు, వేడి రెండూ ఉంటాయి.

లోపం కూడా చెప్పాలి. లయనెస్ రైలు మామూలుగా పావుగంటకొకటి. అదృష్టం బాగోక అప్పుడే ఒకటి వెళ్ళిపోతే, ఇక్కడా క్యూ ఉంటుంది. ఫైనల్ రోజుల్లో ఈ స్టేషన్ బయట కూడా ఆపి వదులుతారు. కానీ ఆగాల్సి వస్తే ఆగడానికి ఇది మంచి చోటు. స్టేషన్ పక్కనే ఈలింగ్ రోడ్ మొదలవుతుంది. గుజరాతీ మిఠాయి కొట్లు, శాకాహార హోటళ్ళు, దోసెలు, చీరల షాపులు, కొంచెం ముందుకెళ్తే 2010లో తెరిచిన సనాతన హిందూ మందిరం. వేడి వేడి దోసె, కప్పు టీ అయ్యేసరికి ముప్పావు గంట గడిచిపోతుంది, స్టేషన్ ఖాళీ అవుతుంది. నాన్న రెండోసారి ఆ దారిని మెచ్చుకున్నది రైలు చూసి కాదు, ఆ దోసె చూసే అని నా నమ్మకం.

బస్సులు

స్టేడియం చుట్టుపక్కల రోడ్లు మ్యాచ్ రోజు మూసేస్తారు, బస్సులని దారి మళ్ళిస్తారు. స్టేడియం పక్క స్టాపులో నిలబడి బస్సు కోసం చూడొద్దు. హై రోడ్డు మీద వెంబ్లీ సెంట్రల్ దాకా నడిచాకే బస్సు గురించి ఆలోచించండి. అక్కడినుంచి 18 నంబరు హార్లెస్‌డన్ మీదుగా యూస్టన్ పోతుంది. 182 హ్యారో వైపు పోతుంది. 483, 297 ఆల్పర్టన్ మీదుగా ఈలింగ్ పోతాయి. హౌన్‌స్లోలో ఉండేవాళ్ళకి ఈ బస్సులే దారి: ఆల్పర్టన్‌లో దిగి పికడిల్లీ లైన్ ఎక్కి, ఆక్టన్ టౌన్‌లో హీత్రో వైపు రైలుకి మారితే చాలు, ఊరి మధ్యలోకి వెళ్ళి తిరిగి రావాల్సిన పని లేదు. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంటలోపు ఇంకెన్ని బస్సులు మారినా మళ్ళీ ఛార్జీ పడదు.

ముందే లేచిపోవాలా, ఆగాలా

ఎనభై ఐదో నిమిషంలో లేచి మెట్లవైపు నడిచే జనాన్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అన్ని పౌండ్లు పోసి టికెట్ కొని, పిల్లల్ని తీసుకొచ్చి, ఆట తేలకముందే వెళ్ళిపోవడమేంటి? పైగా అందరూ అదే లెక్క వేసుకుంటారు కాబట్టి దక్కేది పది నిమిషాలకి మించదు. నా సలహా దానికి ఎదురు. గెలిచిన జట్టు కప్పు ఎత్తేదాకా ఉండండి. ఓడిన జట్టు అభిమానులు అప్పటికే సగం వెళ్ళిపోతారు, జనం రెండు భాగాలవుతారు. మీ జట్టు ఓడినా కాసేపు కూర్చోండి, మిమ్మల్ని తోసుకుంటూ ఎవరూ రారు.

ఒక్క సందర్భంలో ఈ సలహా చెల్లదు. వారం మధ్యలో రాత్రి 7:45కి మొదలయ్యే ఇంగ్లండ్ మ్యాచ్‌లు పదింటికి కాస్త ముందు ముగుస్తాయి. నాకౌట్ మ్యాచ్ అయితే అదనపు సమయం అరగంట, ఆపైన పెనాల్టీలు. లండన్ దాటి వెళ్ళేవాళ్ళు ఆఖరి రైలు సమయం నుంచి వెనక్కి లెక్క కట్టుకుని, ఎన్నింటికి లేవాలో కిక్ఆఫ్‌కి ముందే నిర్ణయించుకోవాలి. ఆట మధ్యలో ఆ నిర్ణయం ఎవరూ సరిగ్గా తీసుకోలేరు.

శని, ఆదివారాల్లో పట్టాల పనుల కోసం లైన్లు మూసేస్తుంటారు. మ్యాచ్ రోజు పొద్దున ఒకసారి, హాఫ్ టైంలో ఇంకోసారి లైన్ల పరిస్థితి చూసుకోండి. ఆఖరి విజిల్ దాకా ఆగితే 90,000 ఫోన్ల మధ్య నెట్ సరిగ్గా రాదు. అందుకే నేను వెళ్ళాల్సిన దారి, రెండో దారి, రైలు సమయాలు ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను. ఫోన్‌తో డబ్బు కట్టేవాళ్ళు ఛార్జింగ్ కూడా చూసుకోవాలి. వచ్చేటప్పుడు ఏ కార్డు ఆనించారో పోయేటప్పుడూ అదే ఆనించండి, లేకపోతే రోజువారీ గరిష్ఠ ఛార్జీ లెక్క చెడుతుంది.

పిల్లలతో వెళ్తే స్టేడియం మెట్ల దగ్గరే, జనంలోకి దిగకముందే, తప్పిపోతే ఎక్కడ కలవాలో చెప్పండి. మాకు ఆ చోటు, 1966లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ కెప్టెన్ బాబీ మూర్ విగ్రహం. ఒలింపిక్ వే వైపు మెట్ల పైన, ఎంత జనంలోనైనా కనిపిస్తుంది. మా అమ్మాయికి నా ఫోన్ నంబరు చేతి మీద పెన్నుతో రాస్తాను. ఇప్పుడు పన్నెండేళ్ళొచ్చాయి, అయినా చెయ్యి చాపుతుంది.